రొట్టెల బండి దగ్గర విశ్రాంతి

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను పులివెందుల హాలు నుంచి ప్రొద్దుటూరు హాలుకు మేనేజరుగా మార్చారు. రెండు హాళ్ళూ ఒకే యజమానివి. నేను ఈ వృత్తిలోకి జమ్మలమడుగులో అసిస్టెంట్ ఆపరేటరుగా వచ్చాను. అంటే రీళ్ళు చుట్టడం, ఆపరేటరు భోజనానికి పోతే మిషను దగ్గర నిలబడటం, తెగిన ఫిల్మును అతికించడం. తర్వాత పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని ఆపరేటరునయ్యాను, చివరికి మేనేజరును. ప్రొద్దుటూరు వచ్చేనాటికి రీళ్ళు పోయాయి. సినిమా శాటిలైటు ద్వారా సర్వరులోకి దిగేది, ఆపరేటరు మీట నొక్కి కుర్చీలో కూర్చునేవాడు.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. హాలు మేనేజరు సినిమా చూడడు, జనాన్ని చూస్తాడు. తలుపు పక్కన నిలబడి ఎవరు ఒళ్ళు విరుచుకుంటున్నారు, ఎవరు ఫోను తీశారు, ఏ పాటకు బీడీ కాల్చుకోవడానికి బయటికి పోతున్నారు అని కనిపెట్టడమే మా పని. ఫలానా సినిమా ఎలా ఉందని అడిగితే జనం ఎక్కడ లేచారో చెప్పగలను గానీ కథ చెప్పలేను. మా ఆవిడ ఇప్పటికీ దీని మీద నన్ను ఆటపట్టిస్తుంది.

నేను చేరిన కొన్నాళ్ళకు రామసుబ్బయ్య సారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన జూనియర్ కాలేజీలో చరిత్ర లెక్చరరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్ళలోని సినిమా పిచ్చివాళ్ళను పోగేసి ఒక ఫిల్మ్ క్లబ్ నడుపుతున్నారు. వాళ్ళది మామూలు పిచ్చి కాదు. మన హీరోల కోసం చొక్కాలు చింపుకునేవాళ్ళను నేను చాలామందిని విడదీశాను. రష్యా కెమెరామన్ గొప్పవాడా, జపాన్ కెమెరామన్ గొప్పవాడా అని మాటలు విసురుకునేవాళ్ళను మాత్రం వీళ్ళనే చూశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

సారు నాయన తన కాలంలో మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలు కొని ఇంటినిండా పేర్చాడట. వాటి మధ్య పెరిగిన మనిషికి సోవియట్ యుద్ధ సినిమాలంటే ప్రాణం. బడి గదుల్లో దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టరుతో వేసేవారు. ఫ్యాను తిరిగితే దుప్పటితో పాటు ట్యాంకులు కూడా ఊగేవని ఆయనే నవ్వుతూ చెప్పారు. కానీ వచ్చేవాళ్ళు నెలనెలా తగ్గిపోతున్నారు. మా హాల్లో నెలకొక ఆదివారం ఉదయం ఆట ఇప్పించమని ఆయన అడిగారు.

"ఒక్కసారి పెద్ద తెర మీద చూపిద్దామప్పా. అప్పుడు గూడా జనం పట్టించుకోకపోతే క్లబ్బు మూసేసి ఇంట్లో కూచ్చుంటా" అన్నారు. ఆ మాట బెదిరింపుగా అనలేదు, అలసిపోయి అన్నారు.

యజమాని శెట్టి గారి దగ్గరికి నేనే వెళ్ళాను. చిన్న ఊరి హాలు నడిచే తీరు తెలిస్తే ఆయన పెట్టిన షరతు అర్థమవుతుంది. టికెట్టు మీద వచ్చేదాంట్లో పెద్ద వాటా సినిమా తెచ్చిన డిస్ట్రిబ్యూటరుకు పోతుంది. హాలును బతికించేవి క్యాంటీను, బండ్ల స్టాండు. అందుకే జనం ఎంతమంది వచ్చారన్నది కాదు, విశ్రాంతిలో క్యాంటీను ఎలా ఆడిందన్నదే శెట్టి గారు అడిగే మొదటి ప్రశ్న. ఈ ఆటకూ అదే కొలత పెట్టారు. ఇంటర్వెల్లో క్యాంటీను ఆడితే నెలనెలా హాలు ఇస్తారు, ఆడకపోతే సారు మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. క్యాంటీను లీజుకు తీసుకున్న ఖాదర్ భాయ్ ఆదివారం పొద్దున్నే సమోసాలు వేయడానికి ఒప్పుకున్నాడు.

సారుకు ఇంటర్వెల్ అంటేనే ఒళ్ళుమంట. తాను వేయబోయే సోవియట్ యుద్ధ సినిమా మధ్యలో ఆపడానికి తీసింది కాదని ఆయన వాదన. అది నిజమే. మన సినిమా తీసేవాళ్ళు సరిగ్గా సగంలో ఒక చావుబతుకుల ఘట్టం పెట్టి, దాని మీద 'విశ్రాంతి' అని వేసి ఇస్తారు. విదేశీ సినిమాల్లో ఆ ఏర్పాటు ఉండదు కాబట్టి ఎక్కడ ఆపాలో హాలువాళ్ళే చూసుకోవాలి. రీళ్ళ కాలంలో సగం రీళ్ళు అయిపోయిన చోట ఆపేసేవాళ్ళం, మాట సగంలో తెగినా అడిగే నాథుడు లేడు. సారు సినిమాను అలా తెగ్గోయడం నాకూ ఇష్టం లేకపోయింది. ఒక మధ్యాహ్నం ఆయనతో కూర్చుని లాప్‌టాప్‌లో మొత్తం చూశాను.

కథ యుద్ధంలో రొట్టెలు కాల్చే ఆడవాళ్ళది. ఎముకలు కొరికే చలి. పిండి పులవడానికి వెచ్చదనం కావాలని తమ దుప్పట్లు పిండితొట్టెకు కప్పి, వాళ్ళు వణుకుతూ పడుకుంటారు. గడ్డకట్టిన నది అవతల ఒక దళం శత్రువుల మధ్య చిక్కుకుని ఉంటుంది. రొట్టెలు వాళ్ళ కోసం. వీళ్ళకూ తిండి లేదు, అయినా ఒక్కరు కూడా ముట్టరు. అందరిలో పెద్దామె నేల మీద పడిన ముక్కను ఏరి, ఊది, గుడ్డలో కట్టి బండిలోనే పెడుతుంది. బండి నది వైపు కదులుతుంది. కాసేపటికి చక్రాల కింద మంచు పగులుతుంది.

ఆ పగిలే చోట ఆపుదామన్నాను. ఏం జరుగుతుందో తెలియక జనం పరుగున తిరిగి వస్తారు, అది మా వృత్తిలో అందరూ నమ్మే సూత్రం. సారు ఒప్పుకోలేదు. బండి కదిలి తెర చీకటి పడే చోట ఆపమన్నారు. అక్కడ లైట్లు వేస్తే కళ్ళకూ ఇబ్బంది ఉండదని నేనూ సరేనన్నాను. ఇద్దరమూ తలలు పండినవాళ్ళమే. ఆ చోటుకూ సమోసాలకూ పొత్తు కుదురుతుందా అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఆదివారం నేను అనుకున్నదానికన్నా ఎక్కువమందే వచ్చారు. క్లబ్బువాళ్ళు పులివెందుల నుంచి జీపు మాట్లాడుకుని వచ్చారు. సినిమా కింద తెలుగు మాటలు టైపు చేసిపెట్టిన ఇడుపులపాయ క్యాంపస్ విద్యార్థులు వచ్చారు. గొర్రెలు అమ్ముకుని, బస్సుకు ఇంకా టైముందని లోపలికొచ్చిన చక్రాయపేట వైపు మొగుడూపెళ్ళాలు కూడా ఉన్నారు. ఆమెకు చదువు రాదు. ఆయన కింది అక్షరాలు కూడబలుక్కుని గట్టిగా చదివి వినిపించసాగాడు. అది చూసి ఇంకో నలుగురు మొదలుపెట్టారు. క్లబ్బు మనిషి ఒకాయన లేచి గదమాయించబోతే సారే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

బండి కదిలింది, తెర చీకటైంది, లైట్లు వేయించాను. ఒక్కరూ లేవలేదు. కాసేపటికి కొందరు వరండాలోకి వచ్చి ఊరకే నిలబడ్డారు. ఖాదర్ భాయ్ వేడి వేడి సమోసాలని గొంతు చించుకుంటున్నాడు. అటువైపు అడుగు వేసినవాళ్ళు లేరు. అతను గరిటె పట్టుకునే నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది సారూ, ఏం సినిమా వేసినావు? జనం నా కల్లా చూచ్చాల్యా!"

గొర్రెలావిడ కుళాయి దగ్గర నీళ్ళు తాగుతోంది. ఖాదర్ ఆమెనే అడిగాడు, ఎందుకమ్మా ఎవరూ కొనడం లేదని.

"యాడ తింటామప్పా? ఆ ఆడోళ్ళు బండెడు రొట్టెలు పెట్టుకోని పస్తుండారు. మనం ఈడ నములుకుంటా నిలబడితే నోట్లోకి పోతాదా?" అని మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శెట్టి గారు వరండాలోనే ఉన్నారు. సంగతి సారుకు చెప్పేయమని నాతో అన్నారు. చెప్పనక్కరలేకపోయింది, సారు నా వెనకే ఉన్నారు. ఆయన తల ఊపి హాల్లోకి నడిచారు. అన్ని ఏళ్ళ సర్వీసులో జనం అంతగా లీనమైన ఆట నేను చూడలేదు. ఆ లీనం కావడమే సారు క్లబ్బు పీక మీదికి వచ్చింది. శెట్టి గారిని తప్పు పట్టడానికీ లేదు, ఆయన ముందే చెప్పారు. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క.

బెల్లు కొట్టి రెండో సగం మొదలుపెట్టాం. ఖాదర్ భాయ్ పొయ్యి ఆర్పేసి, తన బేరం చెడగొట్టిన సినిమా ఏదో చూద్దామని తలుపు దగ్గర నా పక్కన నిలబడ్డాడు. మంచు పగిలి బండి కుంగింది. ఆడవాళ్ళు రొట్టెల మూటలు వీపులకు కట్టుకుని పాకుతూ నది దాటారు. అవతల దళంలో మిగిలింది కొద్దిమందే. వాళ్ళ అధికారి మొదటి రొట్టె తీసుకుని కత్తి కోసం జేబు తడుముకుంటున్నాడు. అప్పుడు పక్కకు చూస్తే ఖాదర్ లేడు. విసుగు పుట్టి పోయాడనుకున్నాను.

అధికారి రొట్టె కోసి మొదటి ముక్క ఆ పెద్దామె చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. అందరూ తిన్నారు. హాల్లో ఎవరో "తినండమ్మా, తినండి" అన్నారు.

ఆట విడిచి జనం బయటికి వస్తుంటే వరండా అంతా కాగిన నూనె వాసన. ఖాదర్ పొయ్యి వెలిగించి కొత్త వాయి దించుతున్నాడు. జనం ఒక్కసారిగా క్యాంటీను మీద పడ్డారు. చల్లారినవి, వేడివి అన్న తేడా లేకుండా ఊడ్చేశారు. గొర్రెలావిడ మెట్ల మీద కూర్చుని తిని, ఉప్పు శానా తక్కువైందని ఖాదర్‌కు చెప్పి మరీ బస్సుకు పోయింది.

శెట్టి గారు మాట తప్పే మనిషి కాదు, సడలించే మనిషీ కాదు. తాను చెప్పింది ఇంటర్వెల్ సంగతని గుర్తుచేశారు. నేను నోరు తెరిచేలోపే ఖాదర్ అందుకున్నాడు.

"ఎప్పుడు తింటే నీకేంది శెట్టీ? తిన్యారు గదా. ఈ సారు ఆటకు ఇంటర్వెల్లే వద్దు. ఆట ఇడిసినంక నేను చూసుకుంటా."

లీజు కట్టే మనిషే అభ్యంతరం లేదంటే యజమానికి అడ్డు చెప్పడానికి ఏముంది? శెట్టి గారు సరేనన్నారు. రామసుబ్బయ్య సారు ఖాదర్ రెండు చేతులూ పట్టుకున్నారు, నూనె చేతులని అతను వెనక్కి లాక్కోబోయినా వదల్లేదు. నేను రిటైరయ్యే దాకా క్లబ్బు ఆట నెలనెలా ఆడింది. మా హాల్లో విశ్రాంతి లేకుండా నడిచిన ఆట అదొక్కటే.

ఆ తర్వాత వేరే భాష సినిమా ఏది వచ్చినా, ఎక్కడ ఆపాలని నా కింది ఆపరేటర్లు అడిగితే ఒకటే చెప్పేవాణ్ణి. నిడివి చూసి సగానికి కోయొద్దు, నన్నూ అడగొద్దు. ముందు క్యాంటీనాయనను కూర్చోబెట్టి సినిమా చూపించండి, జనం ఎక్కడ తినగలరో ఆయన చెప్తాడు.