తాతగారు ఇచ్చిన కెమిస్ట్రీ

మా ఇంట్లో మగవాళ్ళు పరాయి కుర్చీలో కూర్చోరు. విందుకు వెళితే కూర్చుంటారు, అది వేరు. పని మీద వెళితే కూర్చోరు. మా ముత్తాతగారు ఒకసారి బందరులో కలెక్టరు దొరను చూడబోతే, దొర కుర్చీ కంటే జానెడు పొట్టి కుర్చీ వేశారట. ఆయన నిలబడే మాట్లాడి వచ్చేశారు. అప్పటినుంచి పని మీద గడప దాటితే మా కుర్చీ మాతో వస్తుంది. వినేవాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. పొట్టి కుర్చీలకు అలవాటు పడినవాళ్ళకు అలాగే ఉంటుంది.

డెబ్భైల నడుమ, నేను పదో తరగతి పాసైన వేసవి నాటికి, మాకు మిగిలినవాటిలో ఆ కుర్చీ ఒకటి. ఊళ్ళో మేడ పోయింది, పొలం పోయింది. ఎలా పోయాయో చెప్పుకోవడం మా ఇంట్లో లేదు. నా తల్లిదండ్రులు నాకు జ్ఞానం రాకముందే పోయారు. పటమటలో ఒక పెంకుటింటి సగభాగంలో తాతగారు, మేనత్త, నేను ఉండేవాళ్ళం. తాతగారు దాన్ని అద్దె ఇల్లు అని ఎన్నడూ అనలేదు. "మకాం" అనేవారు. నేను హైస్కూలు చదువంతా ఆ మకాంలోనే పూర్తి చేశాను. అయినా ఎవరైనా ఏ ఊరని అడిగితే, లంకల దిగువన ఉన్న మా ఊరి పేరే చెప్పాలి. పటమట అనకూడదు.

ఇంటర్‌లో నాకు ఎం.పి.సి. కావాలి. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. అందులోనూ కెమిస్ట్రీ. హైస్కూల్లో సైన్సు మాస్టారు ఒకనాడు మందార పువ్వును కాగితానికి రుద్ది, ఆరబెట్టి, ఒక కొస మీద నిమ్మరసం, రెండో కొస మీద సున్నపుతేట వేశారు. ఒక కొస ఎర్రబడింది, ఒక కొస పచ్చబడింది. కాగితం ఒకటే, పువ్వు ఒకటే. ఆ పూట నుంచి పెరట్లో మందారాలు నా చేతికే చిక్కేవి, అత్తయ్య పూజకు దక్కేవి కావు. కాలేజీలో ఇలాంటి పనికే ఒక గది ఉంటుందని, దాని నిండా గాజు సామాను ఉంటుందని విన్నాను. ఆ గదిలోకి వెళ్ళాలి. అంతకుమించి ఆ వయసులో నాకు వేరే కోరిక లేదు.

గ్రూపు సంగతి ఇంట్లో తేల్చడానికి తాతగారు ఒక సాయంత్రం కూర్చున్నారు. ఆయన కుర్చీలో, అత్తయ్య గడప మీద, నేను నిలబడి.

"కెమిస్ట్రీ అంటే ఏం చేయిస్తారు?" అన్నారు.

"గాజు గొట్టాల్లో మందులు కలుపుతామండి."

"కలిపాక?"

"చూస్తామండి."

"చూశాక ఆ గొట్టాలు ఎవరు కడుగుతారు?"

అబద్ధం చెప్పడం మాకు లేదు. "మేమే కడుక్కోవాలటండి."

"అంటే అంట్లు తోమడం. వద్దు. ఫిజిక్స్?"

"కప్పీలు, త్రాసులు, బరువులు ఎత్తడం..."

"రేవులో కూలీలు ఎత్తుతున్నారు. లెక్కలు గుమాస్తా చూసుకుంటాడు."

"మనకిప్పుడు గుమాస్తా ఎక్కడున్నాడు నాన్నగారూ?" అంది అత్తయ్య.

"లేనంత మాత్రాన వాడి పని మనం చేస్తామా?"

బై.పి.సి. అంటే కప్పల్ని కొయ్యాలి, పాపం. కామర్స్ అంటే కొట్టు. ఇక మిగిలింది చరిత్ర, ఎకనమిక్స్, సివిక్స్. సివిక్స్ అంటే పంచాయతీ ఎన్నికల గురించి అని నేను చెప్పగానే తాతగారి ముఖం ముడుచుకుంది. మా ఊరి ప్రెసిడెంటుగా ఎవరు గెలిచారో ఆయన ఎదుట ఎవరూ అనేవారు కాదు.

"అన్నీ వద్దంటే ఇక వీడు ఏం చదవాలి?" అంది అత్తయ్య. "పంచాంగమా?"

"చరిత్ర చదువుతాడు. అందులో మనవాళ్ళుంటారు."

"ఉన్నారో లేదో చూశారా?"

"లేకపోతే పుస్తకం మంచిది కాదు."

అలా తేలింది. దరఖాస్తులో గ్రూపు దగ్గర మాత్రం నేను ఏమీ రాయకుండా ఉంచాను. సంరక్షకుడి సంతకం తాతగారిది. ఇంటర్వ్యూ రోజు ప్రిన్సిపాలు ఎదుట పెట్టాలన్నారు కాబట్టి, ఆ సంతకం పెట్టడానికి తాతగారు స్వయంగా బయలుదేరారు.

రిక్షాలో కుర్చీ, మనిషి రెండూ పట్టవు. కుర్చీ రిక్షా ఎక్కింది. తాతగారు, నేను పక్కన నడిచాం. ఏలూరు రోడ్డు మీద జనం కుర్చీకేసి చూశారు, మాకేసి చూశారు. తాతగారు ఎవరికేసీ చూడలేదు. ఇస్త్రీ పంచె, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, తలపాగా, వెండి పొన్ను కర్ర. జూన్ ఎండలో ఆ కోటు వేసుకుని చెమటని లెక్కచేయని మనిషిని మళ్ళీ నేను చూడలేదు.

కాలేజీకి చేరేసరికి ప్రిన్సిపాలు లేరు. ఏదో మీటింగుకి వెళ్ళారు, భోజనాల వేళకి వస్తారు. కొత్తగా చేరిన గుమాస్తా కిటికీ లోపల దరఖాస్తుల మధ్య మునిగి ఉన్నాడు. వరండాలో, ఆఫీసు గుమ్మం పక్కన కుర్చీ వేయించి తాతగారు కూర్చున్నారు. కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టి రెండు చేతులూ దాని మీద వేశారు.

ఆ రోజే కాలేజీ కమిటీ అధ్యక్షుడు వస్తారని, ఆయన పెద్దవయసు జమీందారని, కొత్త గుమాస్తా ఆయన్ని ఎప్పుడూ చూడలేదని తర్వాత తెలిసింది. గుమాస్తా పంపగా అటెండరు వచ్చి ముందు మంచినీళ్ళు ఇచ్చాడు. తర్వాత చిన్న బల్ల తెచ్చి ముందు వేశాడు. తాతగారికి అందులో వింత ఏమీ కనబడలేదు. మా ఊళ్ళో ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడికి నీళ్ళు, బల్ల వచ్చేవి.

ముందుగా వచ్చింది గన్నవరం వైపు నుంచి ఒక రైతు. కొడుకుని వెంటబెట్టుకుని, కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. మన వైపు రైతులకు ఒక మర్యాద ఉంది. ఆఫీసుకి వెళితే ముందు వరండాలో కూర్చున్న పెద్దమనిషికి చెప్పుకుని లోపలికి వెళతారు.

"దండాలండి అయ్యగారూ."

"ఏ ఊరు?" అన్నారు తాతగారు.

చెప్పాడు.

"ఏం కావాలి?"

"మావాడికి ఎం.పి.సి. ఇప్పించాలండి."

మా వంశంలో ఒక మాట ఉంది. ముంగిట్లోకి వచ్చి అడిగినవాణ్ణి ఒట్టి చేతులతో పంపకూడదు. ధాన్యం అడిగితే ధాన్యం, కలప అడిగితే కలప. తాతగారిని పదేళ్ళుగా ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన దరఖాస్తు అందుకుని, కోటు జేబులోంచి పెన్ను తీసి, పై మూల "ఇవ్వవలెను" అని రాసి సంతకం చేశారు. రైతు దాన్ని కళ్ళకద్దుకుని కిటికీలో ఇచ్చాడు. గుమాస్తా సంతకం చూసి, తలెత్తి వరండాలోకి చూసి, లేచి నిలబడి ముద్ర వేశాడు.

ఇక వరస కట్టారు. తెనాలి నుంచి ఒకరు, భవానీపురం నుంచి ఒక రైల్వే గార్డు, కంకిపాడు నుంచి తండ్రి లేని పిల్లవాణ్ణి తీసుకుని ఒక మేనమామ. అందరికీ ఎం.పి.సి.యే కావాలి. ఇంజనీర్లు కావాలి. ఏ ఊరు, ఏం కావాలి, ఇవ్వవలెను. అంతే. మార్కులు చూడలేదు. అడిగినవాడి అర్హత చూడటం ఇచ్చేవాడికి తగదు.

"కొంచెం లెక్కల్లో మార్కులు తగ్గాయండీ," అన్నాడు కూచిపూడి పక్కనుంచి వచ్చిన ఒక రైతు. ఆయన పక్కన కొడుకు తల వంచుకుని ఉన్నాడు.

"నేను అడిగానా?"

"లేదండి."

"మరెందుకు చెబుతావు?" అని రాసి ఇచ్చారు.

నేను స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. అంట్లు తోమడం అన్న కెమిస్ట్రీని, కూలిపని అన్న ఫిజిక్సుని ఆయన దోసిళ్ళతో పంచుతున్నారు. నా దరఖాస్తు నా చేతిలో ఉంది. కిటికీలోంచి గుమాస్తా తల బయటపెట్టి, "ఎం.పి.సి. నిండిపోవచ్చిందండీ, ఒక్కటే ఉంది సార్," అని తాతగారికి విన్నవించాడు. తాతగారు తల ఊపారు.

అప్పుడు నాకు తోచింది. ఇంటివాడు అడగడు. వరసలో వచ్చి అడిగినవాణ్ణి ఆయన కాదనరు. గ్రూపు దగ్గర ఎం.పి.సి. అని రాసుకుని, చివర ఉన్న మనిషి వెనక వెళ్ళి నిలబడ్డాను. ఆ చివరి మనిషి బై.పి.సి. అడిగాడు. అది దైవికం.

నేను కుర్చీ ముందుకు వచ్చాను. ఇంట్లో ఆయన ఎదుట నేను చేతులు కట్టుకునేవాణ్ణి, జోడించేవాణ్ణి కాదు. ఆ రోజు జోడించాను.

"దండాలండి," అన్నాను.

తాతగారు చాలాసేపు నాకేసి చూశారు. వరండాలో వాళ్ళకి మేము ఏమవుతామో తెలియదు. ఆయన "ఇదేమిట్రా" అనవచ్చు. అంటే అడగవచ్చినవాణ్ణి అందరి ఎదుట గద్దించినట్టు అవుతుంది.

"ఏ ఊరు?" అన్నారు చివరికి.

"పటమటండి."

ఆయన చేతిలో పెన్ను కదల్లేదు. మా ఇంట్లో ఆ మాట ఆ రకంగా ఎవరూ అనలేదు.

"ఏం కావాలి?"

"ఎం.పి.సి. అండి. కెమిస్ట్రీ చదవాలండి."

"గొట్టాలు?"

"కడుక్కుంటానండి."

కాగితం అందుకున్నారు. "ఇవ్వవలెను" అని రాశారు. మిగతావాళ్ళ కాగితాల మీద కంటే అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి. ప్రిన్సిపాలు కోసం ఆగకుండా, కాగితం అడుగున సంరక్షకుడి గడిలోనూ సంతకం చేశారు. గుమాస్తా ముద్ర వేశాడు.

ప్రిన్సిపాలు వచ్చారు. పొడుగాటి మనిషి. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించే పెద్ద గొంతు ఆయనది. ఆఫీసులో మాత్రం మెల్లగా మాట్లాడేవారు. గుమాస్తా సంబరంగా కాగితాలన్నీ ముందు పెట్టాడు. ఆయన ఒకటి చూశారు, రెండోది చూశారు, వరండాలోకి వచ్చారు.

"అయ్యా, మీరు ఎవరండీ?"

తాతగారు ఊరు చెప్పారు, ఇంటిపేరు చెప్పారు.

"సంతోషమండీ. మరి ఈ సీట్లు మీరెందుకు ఇచ్చారండీ?"

"అడిగారు."

ప్రిన్సిపాలు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. గుమాస్తా గోడకి అతుక్కుపోయాడు. వరండాలో ఉన్నవాళ్ళంతా చుట్టూ మూగారు. ఎవరికి వారు తమ కాగితం మీద ముద్ర పడిందని గుర్తుచేశారు. ప్రిన్సిపాలు లోపలికి వెళ్ళి మార్కుల పట్టీలన్నీ తిరగేసి, మళ్ళీ వచ్చారు.

"దేవుడి దయ, అందరికీ మార్కులు సరిపోయాయండీ. వాళ్ళకెలాగూ నేనే ఇచ్చేవాణ్ణి. ఈ కూచిపూడి పక్క అబ్బాయి ఒక్కడికి కుదరదు. లెక్కల్లో మరీ తక్కువ."

తాతగారు లేచి నిలబడ్డారు. "అయితే ఈ పటమట కుర్రవాడికీ ఇవ్వకండి."

"ఇతనికి మంచి మార్కులున్నాయండీ."

"ఉండవచ్చు. ఇద్దరికీ ఒక్క చేత్తోనే ఇచ్చాను. ఒకరికి చెల్లి ఒకరికి చెల్లకపోతే, ఆ చెయ్యి చెల్లనట్టే."

ముద్ర పడిన కాగితం ప్రిన్సిపాలు చేతిలో ఉంది. దాన్ని ఇవ్వడానికి ఆయన సిద్ధం, తీసుకోవడానికి నేను సిద్ధం, అడ్డం మా వంశమర్యాద. అది తప్పని నేను అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. అయినా ఆ క్షణంలో ఆ మర్యాద వేరే ఎవరింట్లోనైనా ఉంటే బాగుండుననిపించింది.

కూచిపూడి పక్క రైతు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అయ్యా, నా మూలాన ఈ బాబు చదువు చెడ్డం ఎందుకండీ. మావాడు నిన్నట్నుంచీ మొత్తుకుంటానే ఉన్నాడు, నాకు హిస్టరీ ఇప్పించు నాన్నా అని. నేనే, ఇంజనీరైతే పిల్లనిస్తారు గదా అని లాక్కొచ్చా."

"నిజమేనా?" అన్నారు ప్రిన్సిపాలు కుర్రవాడితో.

"లెక్కలంటే నాకు జొరం వస్తదండి," అన్నాడు వాడు.

"అయితే సరిపోయింది," అని ప్రిన్సిపాలు వెనక్కి తిరగబోయారు.

"సరిపోలేదు," అన్నారు తాతగారు. "ఇచ్చింది ఇతని దగ్గరుంది. తిరిగి అప్పజెప్పాలి."

"కాగితం నా దగ్గరే ఉందండీ."

"కాగితం కాదు."

ఆ రైతుకి అర్థమైంది. ప్రిన్సిపాలుకి అర్థం కాలేదు, నాకు సగం అర్థమైంది. తాతగారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. రైతు చెప్పులు విడిచి, కొడుకు చేత కూడా విడిపించి, ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో ఏదో ఉండాలి గనక, అత్తయ్య దారికని మాకు కట్టిచ్చిన అరటిపళ్ళలోంచి ఒకటి తీసి నేనే అతనికి ఇచ్చాను. అతను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయ్యా, తమరు మావాడికి దయచేసిన లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ తమరికే అప్పజెప్తన్నానండి. తమరి మాట మాకు బాకీ లేదండి."

"ముట్టింది," అన్నారు తాతగారు, పండు అందుకుని.

"ఆమెన్," అన్నారు ప్రిన్సిపాలు, అలవాటు కొద్దీ.

తర్వాత ఆయన గదిలో నా కాగితం ముందు పెట్టుకుని, "ఒక్కటి ఖాళీ ఉందండీ. అభ్యర్థితో సంబంధం," అన్నారు. తాతగారు నిలబడే పెన్ను తీశారు. రాయలేదు. అన్ని ఊళ్ళవాళ్ళకీ ఆలోచించకుండా రాసిన మనిషి అక్కడ ఆగిపోయారు. అడిగినవాడికి ఇచ్చినవాడు ఏమవుతాడో ఆయనకి తెలిసినట్టు లేదు.

"ఏం రాయమంటావు?" అన్నారు నాకేసి తిరిగి. ఏం చేయాలో ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి.

"తాతగారు అని రాయండి," అన్నాను.

"నా గురించి నేను గారు అని రాసుకోను," అని, తాత అని రాశారు.