మఠం దాకా నడిచిన ఉదయం

ఛాయాదేవి గారు ఇంగ్లండును చాలాసార్లు చూశారు, విమానాశ్రయం అద్దాల్లోంచి. డెట్రాయిట్ నుంచి హైదరాబాదు వెళ్ళాలంటే లండన్‌లో విమానం మారాలి. భర్త చక్రపాణి గారు కుర్చీలో కునుకు తీస్తుంటే, ఆవిడ అద్దం దగ్గర నిలబడి వాన పడుతున్న రన్‌వేనీ, దాని అవతల సన్నటి పచ్చని గీతనీ చూసేవారు. ఒక్క వారం ఇక్కడ ఆగుదామండీ అంటే, ఆయన వచ్చేసారి చూద్దామనేవారు.

అమెరికా రాకముందు ఆవిడ తెనాలిలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఇంగ్లండు రాజు ఒకడు మఠాలన్నీ మూయించి, పైకప్పుల మీది సీసం పలకలు సైతం ఊడదీయించిన పాఠం మొదలుపెడితే గంట కొట్టినా పిల్లలు లేచేవాళ్ళు కాదట. భర్తకు మిషిగన్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ పాఠం అక్కడితో ఆగింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఓ స్కూలు కెఫెటేరియాలో పిల్లలకు ట్రేలు అందిస్తూ, కూతురు అదితిని పెంచుతూ ఆవిడ వయసు గడిచిపోయింది. సెలవు దొరికితే లైబ్రరీకి వెళ్ళి ఇంగ్లండు పల్లెల బొమ్మల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు.

అదితికి పెళ్ళయి పిల్ల పుట్టాక, ఒక జనవరి శనివారం నాడు ఆ లైబ్రరీలోనే పాత ఇంగ్లీషు చర్చిల మీద స్లైడ్ షో ఉందంటే వెళ్ళారు. ఫోను సైలెంట్‌లో పెట్టారు. ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తున్న చక్రపాణి గారికి గుండెనొప్పి వచ్చింది. ఆయన అంబులెన్సుకు చెయ్యలేదు, భార్యకే ఫోను చేశారు, మళ్ళీ మళ్ళీ. ఆవిడ వచ్చేసరికి పార పక్కన పడి ఉన్నారు.

అదితి తల్లిని ఒక్క మాట అనలేదు. కర్మలు అయ్యాక తమ ఇంటికి తీసుకెళ్ళింది. రెండేళ్ళ కూతురు వేదను డేకేర్ మాన్పించి ఆవిడ చేతుల్లో పెట్టింది. పిల్లనిచ్చిందంటే తన మీద కోపం లేనట్టేనని ఆవిడ నమ్మారు. ఆ నమ్మకంతోనే మళ్ళీ అన్నం తినగలిగారు.

మరో రెండేళ్ళకు, ఒక సాయంత్రం, అదితి వంటింట్లోకి వచ్చి, తన కాలేజీ ఫ్రెండ్ పెళ్ళి ఇంగ్లండులో ఒక చిన్న పల్లెలో జరుగుతోందని చెప్పింది. "నువ్వూ రా అమ్మా. You always wanted to see it, కదా?" అంది. ఛాయాదేవి గారు స్టవ్ ఆపి ఆ పల్లె పేరు కాగితం మీద రాయించుకున్నారు. ఆ వేసవంతా ఆ పల్లె గురించి చదివారు. పొలాల అవతల నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మఠం శిథిలాలు ఉన్నాయి. బస్సెక్కితే ఒక కోట ఉంది. నడకకని కొత్త బూట్లు కొనుక్కుని, అవి అలవాటు కావాలని ఇంట్లోనే వేసుకుని తిరిగారు.

పల్లె పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది. తేనెరంగు రాళ్ళ ఇళ్ళు, గుమ్మాల పక్కన గులాబీలు, చర్చి వెనక వాలులో గొర్రెలు. హోటల్ గది కిటికీలోంచి చెట్ల మీదుగా మఠం కమాను ఒకటి కనిపించేది. కానీ పెళ్ళివారు చిన్నపిల్లల్ని రానివ్వరు. ఆ సంగతి అదితికి ముందే తెలుసు. వచ్చిన రోజు రాత్రి విందు, మర్నాడు వైన్ పార్టీ, ఆ మర్నాడు పెళ్ళికూతురి ఫ్రెండ్స్ అంతా కలిసి కోట చూడటం. ఆ కోటకు తనూ వస్తాననుకుని ఆవిడ పొద్దున్నే బూట్లు వేసుకుని కూర్చున్నారు. వ్యాన్‌లో చోటు లేదంది అదితి. "వేదకి నాప్ టైమ్ కూడా అత్తయ్యా, మీరుంటే మాకు టెన్షన్ ఉండదు" అని అల్లుడు శ్రేయాస్ నవ్వుతూ తలుపు దగ్గరకు వేశాడు. తనను ఎందుకు తీసుకొచ్చారో ఛాయాదేవి గారికి అప్పుడు అర్థమైంది. వేదను నిద్రపుచ్చి, కిటికీ దగ్గర కూర్చుని ఆ కమానునే చూస్తూ గడిపారు.

పెళ్ళిరోజు పొద్దున అదితి, శ్రేయాస్ ముస్తాబవడానికి వెళ్ళగానే ఆవిడ వేద చెయ్యి పట్టుకుని బయలుదేరారు. గది దాటి ఎక్కడికీ వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. ఎవరినీ అడగనూ లేదు.

పొలాల మధ్య కాలిబాట. రాత్రి వానకు గడ్డి తడిసి ఉంది. మఠంలో మనుషులెవరూ లేరు. పైకప్పు లేని గోడలు, ఆకాశానికి తెరుచుకున్న పెద్ద కిటికీలు, నేల మీద పచ్చిక. ఛాయాదేవి గారు ఒక స్తంభానికి చెంప ఆనించారు. రాయి చల్లగా ఉంది. తర్వాత, తెనాలి వదిలాక మొదటిసారి, ఆ పాఠం చెప్పారు. సన్యాసులు ఎక్కడ పడుకునేవారో, ఎక్కడ నోరు మెదపకుండా తినేవారో, రాజు మనుషులు వచ్చి వాళ్ళనెలా వెళ్ళగొట్టారో. వేద నోరు తెరుచుకుని విన్నది. "వాళ్ళు ఎక్కడికి వెళ్ళింది అమ్మమ్మా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారమ్మా అన్నారావిడ. ఇన్నేళ్ళ అమెరికాలో తనను ఒకరు ప్రశ్న అడగడం ఎంత సంతోషంగా ఉంటుందో మరిచిపోయానని, ఆ తర్వాత మా పొరుగుకు వచ్చాక నాతో అన్నారు.

గోడ మీద చెక్కిన అక్షరాలేవో చదవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంతసేపే. వెనక విరిగిన మెట్ల మీదికి ఎక్కిన వేద తడిరాయి మీద జారి పడింది. గడ్డం చీలింది. ముందుపళ్ళు రెండు పెదవిలోకి దిగాయి.

కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన వాళ్ళను తన కారులో క్లినిక్‌కు చేర్చాడు. ఛాయాదేవి గారి చీరంతా రక్తం. అదితి తోడిపెళ్ళికూతురి గౌనులోనే పరుగెత్తుకొచ్చింది. అక్కడ చర్చిలో పెళ్ళి మొదలైపోయింది. లోపల పిల్లకు కుట్లు వేస్తుంటే, ఆ అరుపులు వినిపించే వరండాలో తల్లీకూతుళ్ళు నిలబడ్డారు.

"అది పడ్డప్పుడు ఏం చూస్తున్నావు అమ్మా?" అంది అదితి. గొంతు పెంచలేదు. "నాన్న అప్పుడు కూడా ఇంతే. You were looking at something."

"ఇన్నాళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకున్నావా?" అని అడిగారు ఛాయాదేవి గారు.

"కడుపులో ఏం పెట్టుకోలేదు. మేమందరం అనుకుంటూనే ఉన్నాం. నీ ముందు అనలేదు, అంతే."

ఎవరెవరని ఆవిడ అడగలేదు. శ్రేయాస్, వాళ్ళ అమ్మా నాన్నా, చక్రపాణి గారి చెల్లెళ్ళు, గుడిలో పలకరించే వాళ్ళు. ఒక్కొక్క ముఖమే తలుచుకుంటూ ఆవిడ బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఫార్మింగ్టన్ హిల్స్‌కు తిరిగొచ్చాక వేదను మళ్ళీ డేకేర్‌లో వేశారు. ఇంట్లో అందరూ మర్యాదగానే ఉండేవారు. హాల్లో కెమెరా ఒకటి పెట్టారు. వేదకు స్నానం చేయించబోతే అదితి వచ్చి తువ్వాలు అందుకునేది. పుట్టినరోజు పార్టీలో తోటిపిల్లలు గడ్డం మీద మచ్చ ఏమిటంటే వేద, "అమ్మమ్మ wasn't watching me" అని ముద్దుముద్దుగా చెప్పింది. ఆంటీలంతా నవ్వారు. ఛాయాదేవి గారు కేకు పళ్ళాలు పంచుతూనే ఉన్నారు.

ఆ చలికాలం రాకముందే ఆవిడ మా అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తులో ఒక గది చూసుకుని వచ్చేశారు. అదితి వద్దనలేదు. సామాను శ్రేయాసే కారులో తెచ్చి దింపాడు.

ఏడాది తిరగ్గానే అదితికి రెండో కాన్పు. డేకేర్‌లో చంటిపిల్లలకు చోటు దొరకలేదు. వేదను వెంటబెట్టుకుని, చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. ఆ సమయానికి నేనక్కడే ఉన్నాను. లేవబోతే ఛాయాదేవి గారు నన్ను కూర్చోమన్నారు. జరిగిందేదో జరిగింది, ఇంటికి రా అమ్మా, నువ్వు లేక మా వల్ల కావడం లేదని అదితి ఏడ్చింది.

"రాను అదితీ" అన్నారావిడ. "మీ నాన్నని నేనే చంపాననుకునే ఇంట్లో పసిపిల్లను ఎత్తుకోను. వేరే మనిషిని చూసుకో."

వేద వచ్చి ఒళ్ళో ఎక్కబోయింది. ఆవిడ ఆ పిల్ల రెండు చేతులూ విడదీసి, నెమ్మదిగా తల్లి వైపు తోశారు. పిల్ల వెక్కుతూ వెనక్కి వెనక్కి చూస్తుండగానే తలుపు వేసేశారు.

తర్వాత ఆవిడ టీ పెట్టి నాకొక కప్పు ఇచ్చారు. పసిదాన్ని అలా తొయ్యాల్సింది కాదేమో అన్నాను. "తోస్తుంటే సంతోషంగానే ఉంది" అన్నారావిడ. అదితి మళ్ళీ రాలేదు. పండక్కి మాత్రం వేద చేత ఫోన్లో మాట్లాడిస్తుంది. ఆ పిల్ల ఇప్పుడు తెలుగు మాట్లాడటం లేదు.