కుట్టకుండా వదిలిన గాయం

“కుట్లు వెయ్యడం రాదా నీకు?” అని ముసలి టైలరమ్మ డాక్టరును మొహం మీదే అడిగేసింది. కొడుకు తొడలోంచి తూటా తీసి, గాయాన్ని కుట్టకుండా కట్టు కట్టి వదిలేసిందని ఆమె మంట. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకు ఉచితంగా ఆపరేషన్లు చేసే ఆసుపత్రి అది. డాక్టరుకు యాభై దాటాయి. ఆపరేషన్ బల్లల మీదికి వంగి వంగి నడుం కొంచెం ఒంగిపోయింది. నిలబడే తింటుంది. సేవ, త్యాగం అంటూ ఎవరైనా మొదలుపెడితే చేతులు కడుక్కునే నెపంతో తప్పుకుంటుంది. నయమైనవాళ్లు వెళ్లిపోతారు, తోటి డాక్టర్లు మారిపోతారు, ఆమెను కసురుకునేంత చనువు ఎవరికీ మిగల్లేదు.

“తూటాతో పాటు మట్టి, గుడ్డపేలికలు లోపలికి పోతాయమ్మా. ఇప్పుడే కుడితే చీము పట్టి కాలే తీసెయ్యాల్సొస్తుంది. నాలుగైదు రోజులు ఆగండి.”

“ఆగుతా. కాలు పోయిందో, నిన్ను ఊరికే వదలను అమ్మాయ్.”

అయిదో రోజు కట్టు విప్పితే కండ ఎర్రగా, శుభ్రంగా ఉంది. డాక్టరు కుట్టేసింది. టైలరమ్మ వంగి చూసి, “ఎడంగా పడ్డాయి. మా కొట్లో అయితే విప్పించేదాన్ని” అంది.

“ఈసారి మీ దగ్గరే నేర్చుకుంటాలెండి.”

ఇంటికి వెళ్లే రోజు కొడుకు చంకకర్రలతో గుమ్మం దాటాడు. వెనకే వస్తున్న టైలరమ్మ, డాక్టరు కోటుకు వేలాడుతున్న గుండీ చూసి ఆగిపోయింది. “ఇలాగే తిరుగుతున్నావా? కదలకు, గుచ్చుకుంటుంది” అంటూ సంచిలోంచి సూది తీసింది. నర్సు రెండుసార్లు భోజనానికి పిలిచింది. టైలరమ్మ పళ్లతో దారం తెంపేదాకా డాక్టరు కదల్లేదు.