సుక్రి కొండల మీద నా మంచు

డెబ్బైల్లో సీలేరు ప్రాజెక్టు కాలనీలో తొమ్మిదో తరగతి చదివేదాన్ని. డిసెంబరులో క్లాసంతా న్యూ ఇయర్ గ్రీటింగు కార్డులు వేస్తున్నాం. నాకు నాన్న వైజాగ్ నుంచి తెచ్చిన రంగుల పెట్టె ఉంది. పక్కన కూర్చునే సుక్రికి అరిగిపోయిన మూడు రంగు బిళ్లలే. అయినా టీచరు అది వేసిన కొండల దగ్గరే ఆగిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అందరూ భోజనాలకు వెళ్లగానే, తడారని దాని కార్డును మంచు కొట్టే కిటికీలో పెట్టేశాను, పాడైపోవాలని. తిరిగొచ్చేసరికి నీలం రంగు పాకి, కొండల మీద అచ్చం మంచులా పరుచుకుంది.

“ఇదెలా వేశావే?” అన్నారు టీచరు.

“నాను కాదు టీచర్. బేగి ఆరతాదని ఈ గుంటే కిటికీలో ఎట్టింది, నాను గుమ్మం కాడ నుంచి సూసినాను,” అంది సుక్రి, నన్ను మురిపెంగా చూపిస్తూ.

క్లాసంతా నాకు చప్పట్లు కొట్టింది. ఆ దెబ్బలు ఇప్పటికీ నా చెంపల మీదే పడుతున్నట్టుంటాయి.