ఆషాఢమంతా నా జేబులో ఉన్న తాళంచెవి

మదనపల్లెలో నాకు ఇల్లు చూపించిన బ్రోకరు గురించి నేను ఇద్దరికి అబద్ధం చెప్పాను. ఒకరు ఆ ఇంటి యజమాని, ఇంకొకరు నా భార్య. ఆ అబద్ధం వాళ్ల దగ్గరే ఆగిపోలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది విత్తనాల కంపెనీలో ఉద్యోగం. మదనపల్లె నుంచి కుప్పం దాకా తిరగాలి. నా భార్య పుంగనూరు దగ్గర ఒక పల్లెలో టీచరు. ఆ ఏడు మా అమ్మాయికి మదనపల్లెలో కాలేజీ సీటు వచ్చింది. అదే సమయంలో మేం ఉంటున్న ఇల్లు ఖాళీ చేయమన్నారు. మూడు ఊళ్లలో ఎక్కడ చేరినా ఇంట్లో ఎవరో ఒకరికి దూరమే. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుంటే ఒక సాయంత్రంలో తేలే విషయం అది. ఎవరికి ఏం కావాలో ముందు అనుకుందామని నా భార్య రెండుసార్లు అడిగింది. "నేను చూస్తాండాను కదా" అన్నాను. ఊరికొక బ్రోకరును పట్టుకున్నాను. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు.

మదనపల్లె బ్రోకరు నా వయసువాడే. అంతకుముందు టమోటా మండీలో పనిచేశాడట. ఇల్లు చూపించే ముందు టీ తాగించి, ఎంతమంది ఉంటారు, ఎప్పుడు దిగతారు అని అడిగి, చివరికి "ఇంట్లో మాట ఎవరిదప్పా?" అన్నాడు.

"నాదే."

"మాట నీదే కానీలే. వంటింట్లో నిలబడేది ఆయమ్మ కదా. ఒకసారి పిలుచుకోని రా."

నవ్వి ఊరుకున్నాను. పిలుచుకుని వెళ్లలేదు.

ఆసుపత్రి వెనక వీధిలో కింది పోర్షను అది. గేటు దగ్గర మెట్లు లేవు. స్నానాలగది లోపలే ఉంది. యజమాని బెంగళూరులో ఉంటాడు, తాళాలన్నీ బ్రోకరు దగ్గరే. అప్పటికి ఆషాఢం వచ్చేస్తోంది. ఆ నెలలో మా వైపు ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు, అడ్వాన్సు కూడా చేతిలో పెట్టరు. అందుకని అక్కడి బ్రోకర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇల్లు నచ్చిందని మాటిస్తే తాళంచెవి ఇచ్చేస్తారు. అది మన దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు ఇంకెవరికీ చూపించరు. శ్రావణం రాగానే మనం చేరాలి. మనసు మారితే ఆ రోజే తాళంచెవి వెనక్కి ఇచ్చేయాలి. రాత కోతలేమీ ఉండవు.

నేను మాటిచ్చి తాళంచెవి తీసుకున్నాను. తర్వాతి వారం పుంగనూరులో ఒక ఇల్లు చూసి అక్కడా మాటిచ్చాను. కుప్పంలో స్టేషనుకు దగ్గరగా ఇంకొకటి చూసి అక్కడా అంతే. మూడిళ్ల తాళంచెవులూ నా బండి తాళంతో పాటు ఒకే రింగులో వేలాడేవి. అవి అలా బరువుగా జేబులో ఉంటే, ఏదీ తేల్చకుండానే అంతా కుదిరిపోయినట్టు ఉండేది నాకు.

ఆషాఢం సగంలో మదనపల్లె బ్రోకరు ఫోన్ చేశాడు.

"గుర్రంకొండ నుంచి ఒక పార్టీ వచ్చిండాది. ఆయప్పకు డయాలసిస్. బస్సులో వచ్చి పోయేదానికి అయితాలేదు. మెట్లెక్కలేడు. నీకు ఏమన్నా అనుమానముంటే చెప్పప్పా, వాళ్లకు ఇచ్చేస్తాను."

"అనుమానమేమీ లేదు. చేరేది ఖాయం" అన్నాను. అప్పటికే నా మనసు కుప్పం మీద ఉంది.

అయినా ఏదీ వదులుకోలేక, కొన్నాళ్లకు మంచం పడుతుందో లేదో కొలుచుకుందామని ఆ ఇంటికి వెళ్లాను. గేటు ముందు ఒకామె నిలబడి లోపలికి చూస్తోంది. గోడ నీడలో ఒక మనిషి చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. చేతికి దూది అంటించి ఉంది. ఎవరో నాకు చెప్పక్కర్లేకపోయింది.

"ఈ ఇల్లు తీసుకునింది మీరేనా అప్పా?" అని ఆమె అడిగింది.

"అవునమ్మా."

"ఎప్పుడు దిగతారు?"

"శ్రావణంలో."

"మాకు ఆషాఢమైనా పర్వాలేదప్పా. ఈ పొద్దు ఇస్తే ఈ పొద్దే దిగతాము."

గోడ దగ్గరున్న ఆయన నవ్వాడు. "నన్ను సూసి ఆషాఢమే పక్కకు తప్పుకుంటాదిలే. ఆయప్పను ఇబ్బంది పెట్టొద్దు, రా. బస్సు పోతాది."

ఆమె కదల్లేదు. "మీకు ఇంగోటి ఏమన్నా దొరికితే మాకు చెప్తారా?" అన్నది. చెప్తానన్నాను. నా చెయ్యి జేబులోనే ఉంది. ఆ రింగు వేళ్లకు తగులుతోంది. బయటికి తీస్తే మూడు తాళంచెవులూ కనపడతాయని తీయలేదు. మంచం కొలుచుకునే పని మానేసి, ఇంకో పనేదో ఉన్నట్టు వీధి చివరికి నడిచి, వాళ్లు బస్సుకు వెళ్లిపోయాక వచ్చి బండి తీశాను.

శ్రావణంలో కుప్పం ఇంట్లో పాలు పొంగించాం. ఆ తర్వాతే మదనపల్లె వెళ్లి రింగు బయటికి తీశాను. పుంగనూరుది కూడా ఇంకా అందులోనే ఉంది.

బ్రోకరు చూసి, "ఏమప్పా, లాడ్జి పెట్టినావా?" అన్నాడు. నవ్వలేదు. నా ముందే గుర్రంకొండకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ ఇల్లు ఖాళీ అయ్యిండాది" అన్నాడో లేదో, అవతల ఆమె గొంతు పెద్దదైంది. ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. నాకూ వినపడింది. ఆయన పోయి పదోరోజు కూడా కాలేదు. డయాలసిస్ అయ్యి ఇంటికి పోతూ బస్సు మెట్టు మీద నుంచి పడ్డాడట, తర్వాత లేవలేదట. ఎక్కువ ఇచ్చేవాళ్ల కోసం ఇల్లు ఆపి పెట్టినావని ఆమె బ్రోకరును తిట్టింది. అతను చివరిదాకా విన్నాడు. నేను ఎదురుగా ఉన్నా నా మాట ఎత్తలేదు.

"ఏమంటాది?" అని అడిగాను, విననట్టు.

"ఇంగ ఇల్లు వద్దంట."

ఆ ఇల్లు దొరికుంటే ఆయన బతికుండేవాడని నేను చెప్పలేను. ఆ బస్సు ఎక్కే పని మాత్రం ఉండేది కాదు.

మరుసటి వారం బెంగళూరు నుంచి యజమాని నాకు ఫోన్ చేసి, ఇల్లు ఎందుకు వద్దనుకున్నారని అడిగాడు. నాకు గుర్రంకొండ ఆమె తిట్టిన మాటే నోటికి వచ్చింది. "మీ బ్రోకరు ఎక్కువిచ్చేవాళ్ల కోసం చూస్తున్నట్టుండాడు సార్" అన్నాను. మదనపల్లె ఇల్లు ఏమైందని నా భార్య అడిగితే ఆమెకూ అదే చెప్పాను. మా అమ్మాయిని హాస్టల్లో చేర్చాం. యజమాని ఆ బ్రోకరు దగ్గర నుంచి తన తాళాలు తీసేసుకున్నాడు. ఆ వీధిలో ఉన్న అతని బంధువులూ తీసేసుకున్నారు.

మరుసటి ఎండాకాలం మండీలో ఆ బ్రోకరు కనిపించాడు. టమోటా పెట్టెలు లెక్కపెట్టిస్తున్నాడు. నేను యజమానితో ఏమన్నానో అతనికి తెలుసు.

"నిజం చెప్పేస్తాను" అన్నాను.

"ఇప్పుడు యాలప్పా?" అని మళ్లీ పెట్టెల వైపు తిరిగాడు. నన్ను చూడకుండానే, "యజమానికి చెప్తే చెప్పు, చెప్పకపోతే పో. గుర్రంకొండ ఆయమ్మకు మాత్రం చెప్పు. డబ్బుకు ఆశపడి ఆయప్పను చంపినానని అనుకుంటాండాది" అన్నాడు.

ఆ రాత్రే నా భార్యకు చెప్పాను. "నన్ను తీసుకుపోయుంటే ఆ ఇల్లు వద్దని మొదటి రోజే చెప్పేదాన్ని. మా స్కూలుకు పోయే బస్సు ఆ పక్కకే రాదు" అన్నది. యజమానికి ఫోన్ చేస్తే, ఇప్పుడు వేరే మనిషి చూసుకుంటున్నాడని చెప్పి పెట్టేశాడు.

తర్వాత గుర్రంకొండ వెళ్లాను. ఆమె ఇంటి ముందు చింతపండు గింజ తీస్తోంది. నేనెవరో చెప్పాల్సి వచ్చింది. అంతా విన్నది. చేతిలో పని ఆపలేదు.

"ఆ పొద్దు గేటు కాడ నిలబడి అడిగినానే, అప్పుడు తాళంచెవి యాడ ఉండింది?"

"నా జేబులోనే."

ఆమె చేతులు ఆగాయి. నా వైపు చూడలేదు, జేబు వైపు చూసింది. కొంగుతో వేళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఆ బ్రోకరాయప్పకు ఫోన్ చేసి ఇట్లియ్యి."

నంబరు కలిపి ఇచ్చాను. ఫోను తీసుకుని గడప లోపలికి వెళ్లింది. "అన్నా, నేను గుర్రంకొండ నుంచి" అన్నది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చింతపండు చాట పక్కన ఎండలో నిలబడ్డాను. లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది. "నిన్ను ఆ పొద్దు నోటికొచ్చినట్లు అన్నాను కదా అన్నా..."