మా చిన్నాయిన, ఆ హాస్యనటుడు

ఆ నటుడి మొహం చూస్తేనే నవ్వొస్తుందని అందరూ అంటారు. టీవీ యాంకర్లు అంటారు, మా అపార్టుమెంటు లిఫ్టులో ఆడవాళ్ళు అంటారు. నేను ఆ మొహాన్ని చేయి చాపితే తగిలేంత దగ్గర నుంచి చూశాను. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఏడాది దాటినా ఆ కోపం పోలేదు. పోవాలని నాకూ లేదు.

ఆయన పేరు చెప్పను. ఆయన ఒక్కడే అలాంటివాడైతే నాకింత కోపం అక్కర్లేదు.

మా సొంతూరు షామీర్‌పేట దగ్గర అలియాబాద్. పెళ్ళయ్యాక సుచిత్ర చౌరస్తా దగ్గర ఉంటున్నాను, మేడ్చల్‌లో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తున్నాను. అమ్మా నాయినా పోయాక నాకు పుట్టిల్లంటే చిన్నాయిన ఇల్లే. ఆయన మా నాయినకు తమ్ముడు. ఉన్న కొద్ది పొలంలో కూరగాయలు పండిస్తాడు, రెండు బర్రెలున్నాయి. పుట్టినప్పటి నుంచీ నత్తి.

ఆయన నత్తిని నేనిక్కడ అక్షరాల్లో రాయను. రాస్తే చదివేవాళ్ళకు నవ్వొస్తుంది. ఆ నవ్వు నాకు వద్దు. ఒక్కో మాట దగ్గర ఆయన ఆగిపోతాడని, కళ్ళు మూసుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, ఆ మాట వచ్చేదాకా నిలబడతాడని తెలిస్తే చాలు.

అలాంటి మనిషి మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ నవ్వించేవాడు. ఒకసారి దగ్గరి బంధువుల పెళ్ళిలో విందుకు కూర్చున్నాం. విస్తట్లో అన్నీ ఎముకలే. చిన్నాయిన ఒక ఎముక ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. “మేకకేదో పని పడ్డట్టున్నది. తను రాలేక బొక్కల్ని పంపింది” అన్నాడు. వడ్డించేవాడు గిన్నె కిందపెట్టి నవ్వాడు. మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, లోకల్ ఎన్నికల్లో నిలబడ్డప్పుడు రోడ్డు పొడుగునా దండం పెడుతున్న ఫ్లెక్సీలు కట్టించాడు. “మా అల్లుడు ఫ్లెక్సీల దండం పెడ్తడు, ఎదురుంగొస్తె ఫోను చూస్కుంట పోతడు. నేనైతే ఫ్లెక్సీకే ఓటేస్త” అన్నాడు చిన్నాయిన. ఈ మాట బావ చెవిదాకా పోయింది. బావ కూడా నవ్వక తప్పలేదు.

ఆయన మాట ఆగినచోట మేమంతా ముందుకు వంగేవాళ్ళం. చివరి మాట కోసం ఊపిరి బిగబట్టేవాళ్ళం. అది వచ్చేసరికి నవ్వులతో ఇల్లు దద్దరిల్లేది. ఆగడమెలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని, చీవాట్లు తిని, ఆ ఆగిపోవడంతోనే ఎలా బతకాలో తనే నేర్చుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆ సినిమా. అందులో ఆ నటుడిది నత్తివాడి వేషం. మాట రాక మొహం మెలితిప్పుతాడు, కళ్ళు తేలేస్తాడు, ఎదుటివాళ్ళ మీద ఉమ్మి తుంపర్లు చిమ్ముతాడు. విసిగిపోయి ఎవరో ఒకరు చెంప మీద కొడతారు. కొట్టగానే మాట బయటపడుతుంది. సినిమా మొదటి నుంచి చివరిదాకా ఇంతే. హీరో కొడతాడు, హీరోయిన్ కొడుతుంది, ఆఖరికి పూజారి కూడా కొడతాడు. మేడ్చల్ థియేటర్లో నేనూ మా ఆయనా చూశాం. చుట్టూ జనం సీట్ల మీద పడి నవ్వుతుంటే నేను పాప్‌కార్న్ పొట్లం కింద పెట్టేశాను. మా ఆయన నా వైపు చూసి, “పోదామా?” అన్నాడు. ఇంటర్వెల్‌లోనే వచ్చేశాం.

మేం వచ్చేస్తే మాత్రం ఏం లాభం? కొన్ని రోజులకు చిన్నమ్మ ఫోన్ చేసింది.

“బిడ్డా, మీ చిన్నాయిన మాట్లాడ్తలేడు. జర ఒకపారి వచ్చిపో.”

నేను వెళ్ళేసరికి ఆయన కొట్టంలో బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. “ఏం చిన్నాయినా, ఎట్లున్నవ్?” అంటే తలూపాడు, అంతే. చిన్నమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి చెప్పింది. హైవే మీది హోటల్లో రోజూ పొద్దున చాయ్ తాగడం చిన్నాయినకు అలవాటు. ఆ రోజు ఏదో చెప్పబోయి మధ్యలో ఆగాడు. పక్క టేబుల్ దగ్గర, ఊరికి కొత్తవాడు, ప్లాట్లు అమ్మే ఏజెంటు ఒకడున్నాడు. లేచొచ్చి, “ఆగున్రి, గిప్పుడొస్తది” అని చిన్నాయిన చెంప మీద ఒకటి వేశాడు. గట్టిగా కాదు, సరదాగా. హోటలంతా నవ్వింది. తెలిసినవాళ్ళు కూడా.

“గట్టిగ కొడితె తిరిగి కొట్టేటోడే” అంది చిన్నమ్మ. “నవ్వుకుంట కొట్టిండు. ఏం జేస్తడు?”

అరవై దాటిన మనిషిని నడి హోటల్లో చెంప మీద కొట్టడం తప్పని ఆ కుర్రాడికి తెలియదా? మామూలుగా అయితే తెలుసు. అది తప్పు కాదని వాడికి ఆ సినిమా చెప్పింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. కామెడీని కామెడీగా చూడాలంటారు. అది తెర మీదే ఉండిపోతే చూద్దుము. అది హోటల్లోకి నడిచొచ్చి మా చిన్నాయిన చెంప మీద పడింది.

ఇంతలో బావ లాల్‌గడి మలక్‌పేట్ వైపు ఒక కొత్త ప్లాట్ల వెంచర్ మొదలుపెట్టాడు. ప్రారంభోత్సవానికి ఆ నటుడినే రప్పిస్తున్నాడని ఫ్లెక్సీలు చూసి తెలిసింది. బావ నాకు స్వయంగా ఫోన్ చేశాడు.

“మరదలా, మామను తప్పకుండ తోల్కరా. మామకు సన్మానం జేద్దమనుకుంటున్న. గా భూమిల అప్పట్ల కౌలుకు దున్నింది ఆయననే గద.”

సన్మానమంటే నాకు సంతోషమే అయింది. చిన్నాయిన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నా కారులో వెనక సీట్లో కూర్చుని దారిపొడుగునా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. “పొద్దుగాల్నుంచి గట్లనే గొణుక్కుంటున్నడు. ఏదో చెప్దమనుకుంటున్నట్టున్నడు” అని చిన్నమ్మ నా చెవిలో చెప్పింది. ఇన్నాళ్ళకు మాట్లాడబోతున్నాడని మా ఇద్దరికీ సంబరమే.

ఎర్రమట్టి చదును చేసి షామియానా వేశారు. గేటు మీద పెద్ద అక్షరాలతో ‘లేక్ వ్యూ’ అని రాశారు. నటుడు చాలా ఆలస్యంగా వచ్చాడు. వచ్చి మైకు పట్టుకుని సినిమాల్లో తను చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాడు. ఆ ఊరి గురించి ఒక్క మాట లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ గురించి లేదు. ఒక లావుపాటి ఆవిడ సెల్ఫీకి పైకి వస్తుంటే, “అమ్మా, స్టేజీ జాగ్రత్త” అన్నాడు. జనం విరగబడ్డారు. ఆవిడా నవ్వింది. నవ్వకపోతే ఏం చేస్తుంది? లావున్నవాళ్ళు, నల్లగా ఉన్నవాళ్ళు, నత్తివాళ్ళు, మా యాసలో మాట్లాడేవాళ్ళు. ఆయన నవ్వించేది వీళ్ళని చూపించే. పక్కనే బంగారు గొలుసులతో కూర్చున్న పెద్దమనుషుల మీద ఒక్క జోకూ రాలేదు.

అప్పుడు బావ మైకు తీసుకున్నాడు. “సారుకు సిన్మాల నత్తి. మా మామకు నిజంగనే నత్తి! ఇద్దర్ని ఒక్కతాన జూద్దమా?”

చిన్నాయిన అప్పటికే మెట్లెక్కుతున్నాడు. ఆ మాట విన్నాడో లేదో నాకు తెలియలేదు. చేతికి మైకిచ్చారు. ఆయన జనాన్ని చూసి, చేత్తో గేటు వైపు చూపించి, మొదలుపెట్టాడు. రెండు మాటలు వచ్చాయి. మూడో మాట దగ్గర ఆగాడు. కళ్ళు మూసుకుని గడ్డం ఎత్తాడు.

అంతే, షామియానా పగిలిపోయేలా నవ్వు. వెనక నుంచి ఎవరో, “కొట్టున్రి సార్! కొడితె వస్తది!” అని అరిచారు. తర్వాత అందరూ అరిచారు. నటుడు ఒక్క క్షణం తటపటాయించాడు. అది నేను చూశాను, అబద్ధం చెప్పను. ఆ క్షణం కాగానే ఇకిలిస్తూ చేయి ఎత్తి, చిన్నాయిన చెంపకు ఆనించి, నోటితో మైకులోకి ‘ఠప్’మని చప్పుడు చేశాడు.

చిన్నాయిన కళ్ళు తెరిచాడు. మైకు నటుడి చేతిలో పెట్టి, శాలువా పట్టుకుని నిలబడ్డ బావను దాటుకుని, మెట్లు దిగి వచ్చేశాడు.

చిన్నమ్మ ఆయన చేయి పట్టుకుంది. నేను మాత్రం స్టేజీ వెనక ఉన్న ఆఫీసు గదిలోకి వెళ్ళాను. నటుడు ఏసీ కింద కూర్చుని బొప్పాయి ముక్కలు తింటున్నాడు. ఎదుటి కుర్చీలో నేనే కూర్చున్నాను, ఎవరూ కూర్చోమనలేదు.

“ఫోటోనా అమ్మా?” అన్నాడు.

“కాదు సార్. ఇందాక స్టేజీ మీదికొచ్చినాయన మా చిన్నాయిన.”

“ఓ, ఆయనా! భలే టైమింగండీ.”

“అది టైమింగ్ కాదు. ఆయనకు మాట రాలేదు. మీరు చెంప మీద చెయ్యేసిన్రు.”

ఆయన ఫోర్కు పక్కన పెట్టాడు. “అమ్మా, కామెడీని కామెడీగా తీసుకోవాలి. జనం నవ్వారు కదా?”

“నత్తి ఉన్న మనిషితోని మీరు ఎప్పుడన్న కూసోని మాట్లాడిన్రా? గా వేషం ఏసేముందు?”

“డైరెక్టరు గారు అలా చెయ్యమన్నారు, చేశాను. నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు. మా బతుకూ అలాంటిదే అమ్మా.” గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. దాంతో నా కోపం ఇంకా పెరిగింది.

“పెద్దమనిషి మైకు పట్టుకొని ఏదో చెప్తుండె. ఏం చెప్తుండో ఇందామని మీకు అనిపించలేదా?”

“ఏం చెప్పబోయారు?” అన్నాడు. నిజంగానే అడిగాడు.

నాకు తెలియదు. లేచి వచ్చేశాను.

కారు హైవే ఎక్కాక అడిగాను. “చిన్నాయినా, స్టేజీ మీద ఏం చెప్దమనుకున్నవ్?”

అలియాబాద్ దగ్గరపడ్డాక ఆయన మొదలుపెట్టాడు. ఆగాడు. నేను బండి నెమ్మది చేశాను. చిన్నమ్మ కిటికీ అద్దం ఎక్కించింది, లారీల మోత వినబడకుండా. మేమిద్దరం ఎదురుచూశాం.

“ప్లాట్లకెళ్ళి చూస్తె చెరువు కనబడ్తదని రాసిన్రు గద. గంత పరేషాన్ ఎందుకు? గా భూమిల నేను దున్నిన. వానకాలం రానియ్యి, చెరువే ఇంటికొచ్చి మనల్ని చూసిపోతది.”

నేను కారు పక్కకు ఆపాల్సి వచ్చింది. చిన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతో ఊగిపోతోంది. ఏడ్చినంత పనైంది నాకు. ఆ షామియానా కింద ఆ రోజు చెప్పదగ్గ జోకు అదొక్కటే. దాన్ని చెప్పే మనిషి మైకు పట్టుకునే నిలబడ్డాడు. నోరు మూసుకుని కాసేపు ఆగితే వినేవాళ్ళు. నవ్వడానికి వచ్చినవాళ్ళే దాన్ని విననివ్వలేదు.

సాయంత్రం బావ శాలువా పట్టుకుని అలియాబాద్ వచ్చాడు. “ఏమైంది అత్తా? అందరు మస్తు ఎంజాయ్ జేసిన్రు. వీడియో అయితే ఫోన్లల్ల తిరుగుతాంది!”

“నీ అత్తకు తిరుగుతాంది తల” అంది చిన్నమ్మ. “మీ అమ్మ ఉంటే గీ మాట అంటుంటివా? సొంత తమ్ముని చెంప మీద చెయ్యేపిస్తివని ఆమెకు చెప్తుంటివా?”

బావ మొహం మాడిపోయింది. వీడియో అప్పటికప్పుడు తన ఫోన్లోంచి తీసేశాడు. తీసేస్తే ఏముంది, ఎంతమంది దగ్గర ఉందో ఎవరికి తెలుసు? నా కాలేజీలోనే ఒకావిడ నాకే చూపించింది, ఆయన ఎవరో తెలియక. శాలువా మాత్రం చిన్నమ్మ ముట్టుకోలేదు. మా రెండిళ్ళ మధ్య రాకపోకలు దసరా దాకా లేవు. ఇప్పుడు ఉన్నాయి, కానీ బావ వస్తే చిన్నాయిన కొట్టంలోనే ఏదో పని చూసుకుంటాడు.

ఇంట్లో మాతో ఆయన మళ్ళీ మాట్లాడుతున్నాడు. హోటలుకు మాత్రం పోలేదు. చివరికి హోటలాయనే ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, “అన్నా, ఆ దినం నేను గూడ నవ్విన. తప్పైంది. నువ్వు లేక హోటల్ల పొద్దుగాల పొద్దు పోతలేదు, రా అన్నా” అన్నాడు. చిన్నాయిన వెంటనే ఒప్పుకోలేదు. చలి మొదలయ్యాక ఒకరోజు తనే వెళ్ళాడు. ఆయన మాట మొదలుపెడితే హోటలాయన ఇప్పుడు టీవీ గొంతు తగ్గిస్తున్నాడట. పాతవాళ్ళు గ్లాసులు పట్టుకుని ఆగుతున్నారట. ఎవరైనా కొత్తవాళ్ళుంటే మాత్రం చిన్నాయిన చాయ్ తాగేసి లేచి వచ్చేస్తున్నాడు.

హాస్యనటులంటే నాకు పడదనుకోకండి. ఖాళీ జేబు తడుముకునే మొహం పెట్టి నన్ను పొట్టచెక్కలయ్యేలా నవ్వించినవాళ్ళున్నారు. వాళ్ళు తమని తాము చూసి నవ్వమంటారు. ఈ నటుడు పక్కవాడిని చూసి నవ్వమంటాడు. జనం నవ్వినంత మాత్రాన ఆయన నవ్వించినట్టేనా? కాలు జారిపడ్డవాడిని చూసీ జనం నవ్వుతారు.

మొన్న మేడ్చల్ బస్సులో నా పక్క సీటావిడ ఫోన్లో ఆ సినిమా ముక్కలే పెట్టుకుంది. చెంపదెబ్బ చప్పుడు, వెంటనే నవ్వులు, మళ్ళీ చెంపదెబ్బ. బస్సంతా వింటోంది.

“జర బంజెయ్యి అక్కా” అన్నాను.

“కామెడీయే గదమ్మా. నవ్వొస్తలేదా?”

“వస్తలేదు” అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఫోను ఆపకుండా కిటికీ వైపు తిరిగింది. నేను లేచి, నా స్టాపు వచ్చేదాకా డోరు దగ్గర నిలబడ్డాను.