రెండో తాళం గారి పదేళ్ల సగటు

ఆయన అసలు పేరు తాళాల కంపెనీలో జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరూ రెండో తాళం అనే పిలిచేవారు. ముప్పై ఏళ్లుగా పరీక్ష బల్ల దగ్గర కూర్చున్న మనిషి. తయారై వచ్చిన తాళాల్లో పదింటికొకటి తీసి, దాని చెవితో తెరుచుకుంటుందో లేదో చూడటం ఆయన ఉద్యోగం. ఆయన అక్కడితో ఆగేవాడు కాదు. పక్క తాళం చెవి కూడా దూర్చి తిప్పి చూసేవాడు. తెరుచుకోకపోతే సంతోషించాలి కదా? అదీ లేదు. "ఇవాళ తెరుచుకోలేదు సరే, రేపటి సంగతేంటి?" అని గొణుక్కుంటూ ఆ తాళాన్ని పక్కన పెట్టేవాడు.

ఇంట్లోనూ ఇదే వరస. వీధి తలుపుకు రెండు తాళాలు, బీరువాకు ఒకటి, బీరువా ఉన్న గదికి ఒకటి, ఆ గది తాళంచెవి దాచిన పెట్టెకు ఇంకొకటి. ఎవరైనా ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "పెళ్లికి ముందు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఈయన నన్ను చూడనే లేదు, మా గుమ్మానికున్న గడియ చూశారు," అని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ఆ గడియ నిజంగానే వదులుగా ఉండేది.

అలాంటి మనిషి దగ్గరికి ఒక ఆదివారం పొద్దున చెల్లెలు వచ్చి, "అన్నయ్యా, నా షేర్లు కొనుక్కుంటావా?" అని అడిగింది.

చెల్లెలు కూడా అదే కంపెనీలో, ప్యాకింగ్ హాల్లో పని చేస్తుంది. ఒకప్పుడు కంపెనీ చిక్కుల్లో పడి బోనసు ఇవ్వలేక, బదులుగా పనివాళ్లకు షేర్లు పంచింది. అన్నాచెల్లెళ్లకు చెరో నాలుగు వందలు వచ్చాయి. అవి మార్కెట్లో అమ్ముడుపోయే షేర్లు కావు. అమ్మాలంటే కంపెనీలోని మరొకరికే అమ్మాలి, ధర ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. దీనిమీద పనివాళ్లు తమలో తాము పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. అమ్మేవాళ్ల ఇంటి మనిషి ఎవరైనా కంపెనీలో ఉంటే ముందు ఆ మనిషినే అడగాలి. ఇంటి మనిషి ధర చెప్పాక బయటివాడు అంతకంటే ఎక్కువ చెప్పడం మర్యాద కాదు. కుటుంబాల మధ్య తగవులు పెట్టకూడదని ఎవరో పెద్దమనిషి ఆలోచించి పెట్టిన పద్ధతే. కానీ ఆ పద్ధతి చెల్లెలి జుట్టు తీసుకెళ్లి అన్నయ్య చేతిలో పెట్టింది.

"ఇప్పుడు అమ్మాల్సిన అవసరం ఏమొచ్చింది?" అన్నాడు రెండో తాళం.

"మా ఆయన కుట్టుషాపున్న బిల్డింగు అమ్మేశారన్నయ్యా. ఖాళీ చేయమంటున్నారు. బస్టాండు మలుపులో మంచి షాపు దొరికింది. నెలాఖరుకల్లా లక్షా పదివేలు అడ్వాన్సు కట్టాలి. మలుపులో అయితే నాలుగు బేరాలొస్తాయి, నేనూ సాయంత్రాలు కూర్చుంటా."

"షేరుకి ఎంతనుకుంటున్నావు?"

"కిందటేడు షేరుకి ముప్పై రూపాయల లాభం వచ్చింది. దానికి పదిహేను రెట్లు కడతారంటున్నారు ప్యాకింగులో. నాకంత తెలీదు. నువ్వు ఎంతిస్తే అంత."

నువ్వు ఎంతిస్తే అంత! ఈ మాట వినగానే ఇంకొకరైతే కరిగిపోయేవారు. రెండో తాళానికి మాత్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. డబ్బు విషయంలో ఎంతిస్తే అంత అనే మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు. పైగా చెల్లెలు ప్యాకింగులో ఉంది. ఆర్డర్లు తగ్గుతున్నాయంటే మేనేజరు కంటే ముందు తెలిసేది ప్యాకింగువాళ్లకే. ఏం చూసి అమ్మేస్తోంది? ఎవరు ఎక్కించి పంపారు? ఎవరో ఎందుకు, చెల్లెలి మొగుడే అయ్యుంటాడు. ఆ మనిషి మరీ మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడేవాళ్లంటే ఆయనకు మొదట్నుంచీ గిట్టదు.

మర్నాటి నుంచి టీ తాగే వంకతో ప్యాకింగ్ హాలు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అట్టపెట్టెలు ఎప్పటిలాగే కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఖాళీ పెట్టెలు పేర్చారేమోనని ఒకదాన్ని భుజంతో నెట్టి చూశాడు. అది కదల్లేదు, భుజం మాత్రం పట్టేసింది. బస్టాండు మలుపుకు వెళ్లి షాపు నిజంగా ఉందో లేదో చూసొచ్చాడు. షాపు ఉంది, ఎదురుగా జనం ఉన్నారు, గోడలకు కొత్త సున్నం ఉంది. కొత్త సున్నం ఎందుకు వేశారబ్బా అనుకుంటూ ఇంటికి తిరిగొచ్చాడు.

ఆఖరికి మేడమీద అద్దెకుండే ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన రిటైరయినా లెక్కలంటే ప్రాణం. చెప్పమంటే అన్నం కూడా మరిచిపోతాడు.

"ఒక్క ఏడాది లాభం చూసి కంపెనీకి వెల కట్టకూడదయ్యా," అన్నాడు ఆడిటర్ గారు. "పెళ్లినాటి ఫోటో చూసి మనిషి రోజూ ఎలా ఉంటాడో చెప్పినట్టుంటుంది. కిందటేడు అంత లాభం ఎందుకొచ్చింది?"

"కొత్త కాలనీ వాళ్లు వెయ్యి ఇళ్లకీ ఒకేసారి తాళాలు కొన్నారండీ."

"ఏటా కొంటారా మరి? అందుకే పదేళ్ల లాభాలు తీసుకుని సగటు చూడాలి. మంచి ఏడాదులు, చెడ్డ ఏడాదులు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. ఆ సగటుకి పదిహేను రెట్లు కట్టు, ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది."

రెండో తాళానికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ జనం తన అనుమానాన్ని చాదస్తం అన్నారు. ఇదిగో, చదువుకున్నవాళ్లు దాన్నే లెక్క చేసి పెట్టారు! ఏ ఒక్క ఏడాదినీ నమ్మొద్దు. ఎంత మంచి మాట! వెంట తెచ్చిన కంపెనీ లెక్కల కాగితాలు తీసి, అక్కడికక్కడే కూడి, భాగించి, షేరుకు పద్నాలుగు రూపాయల సగటు తేల్చాడు.

"ఆగవయ్యా, ఇంకా సగమే అయింది," అన్నాడు ఆడిటర్ గారు. "పదేళ్ల కిందటి రూపాయి, ఇవాళ్టి రూపాయి ఒకటి కావు. ధరలు పెరిగాయి కదా? పాత లాభాలన్నిటినీ ఇవాళ్టి రూపాయల్లోకి మార్చి, అప్పుడు సగటు కట్టాలి. ధరలు ఏ ఏడాది ఎంత పెరిగాయో నేను చెప్తాను."

"అప్పుడొచ్చింది పది రూపాయలైతే పదే కదండీ? దాన్ని ఇరవై అని ఎలా వేస్తాం?"

"పెంచి వేయడం కాదయ్యా, సమానం చేయడం."

రెండో తాళం కళ్లు చిట్లించాడు. పాత అంకెల్ని లావు చేస్తే సగటు పెరుగుతుంది. సగటు పెరిగితే ధర పెరుగుతుంది. ధర పెరిగితే లాభం ఎవరికి? చెల్లెలికి. అప్పుడు ఆయన చూపు ఆడిటర్ గారి చొక్కా మీద పడింది. ఆ కాలరు, ఆ కుట్టు ఎక్కడున్నా ఆయన గుర్తుపడతాడు. చెల్లెలి మొగుడు కుట్టిన చొక్కా! ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాడు. "వస్తానండీ, చాలా ఉపకారం చేశారు," అని రెండు చేతులా దణ్ణం పెట్టి, మెట్లు దిగుతూ సగం లెక్కను మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

పద్నాలుగుకు పదిహేను రెట్లు, షేరుకు రెండు వందల పది. నాలుగు వందల షేర్లకు ఎనభై నాలుగు వేలు. చెల్లెలి ముందు కూర్చుని ఆ అంకె చెప్పినప్పుడు ఆయన గొంతు జడ్జీ గొంతులా ఉంది.

చెల్లెలు కాగితం చేతిలోకి తీసుకుంది. "పదేళ్ల సగటేనా అన్నయ్యా?"

"పదేళ్లదే."

"అన్నీ చూసే కట్టావుగా?"

"అన్నీ చూసే కట్టాను. ఆడిటర్ గారు నేర్పిన లెక్కే."

"సరే అయితే," అని సంతకం పెట్టింది.

ఆ సరే ఆయనకు వారం రోజులు తిండి సహించనివ్వలేదు. చెల్లెల్ని మోసం చేశానేమోనన్న బెంగ కాదు, అంత మంచితనం ఆయనకెక్కడిది! బేరం ఆడకుండా ఒప్పుకుందంటే తానే ఎక్కువిచ్చి ఉంటానని బెంగ. ఇంకో ఇరవై తగ్గించి చెప్పాల్సింది అనుకుని వేళ్లు కొరుక్కున్నాడు.

నెల తిరిగింది. మలుపులో షాపు చెల్లెలి వాళ్లకు దక్కలేదు. అడ్వాన్సుకు డబ్బు చాలలేదట. అక్కడ ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చెల్లెలూ మొగుడూ సందులో ఒక మేడమెట్ల కింద గదిలో మిషను వేసుకున్నారు. "ఎనభై నాలుగు వేలు చేతిలో పెట్టుకుని మెట్ల కింద దూరతారా ఎవరైనా? డబ్బు ఎక్కడో దాచారు," అన్నాడు రెండో తాళం భార్యతో. ఆవిడ ఈసారి నవ్వలేదు.

ఆ వారంలోనే కంపెనీకి ఒక పెద్దాయన పాత తాళం పట్టుకొచ్చాడు. చెవి పోయింది, కొత్తది కావాలట. తాళం దొంగతనం చేసి తెచ్చాడేమోనని రెండో తాళం ఆయన్ని ముందు బాగా నిలదీశాడు.

"పదేళ్ల కింద మీ దగ్గరే అరవై ఐదుకి కొన్నాను బాబూ. ఇప్పుడు ఇదే తాళం ఎంత?"

"నూట ముప్పై."

"అంత మార్పేం చేశారు దీన్లో?"

రెండో తాళం రెండింటినీ బల్లమీద పక్కపక్కన పెట్టాడు. పాతది విప్పాడు, కొత్తది విప్పాడు. అదే ఇత్తడి, అదే బరువు, లోపల అవే ఐదు లీవర్లు. ఏమీ మార్చలేదు. మరి ధర రెట్టింపు ఎలా అయింది? తన జీతం గుర్తొచ్చింది. పదేళ్ల కిందటి జీతంతో అప్పట్లో నెలంతా హాయిగా గడిచేది. అదే జీతం ఇవాళ ఇస్తే పదిహేను రోజులకు రాదు. అప్పుడు కంపెనీ ఇన్నే తాళాలు, ఇంత కష్టపడే చేసింది. లాభం చిన్నది కాదు, దాన్ని కొలిచిన రూపాయి వేరు. పెద్దాయన ఏదో అడుగుతున్నా వినపడలేదు.

ఇంటికొచ్చి, పౌరుషం చంపుకుని, ఆడిటర్ గారినడిగి ధరల అంకెలు తెచ్చుకున్నాడు. ప్రతి ఏడాది లాభాన్నీ ఇవాళ్టి రూపాయల్లోకి మార్చాడు. సగటు పంతొమ్మిది వచ్చింది. నమ్మక మళ్లీ చేశాడు. పంతొమ్మిదే. షేరుకు రెండు వందల ఎనభై ఐదు, మొత్తం లక్షా పద్నాలుగు వేలు. ముప్పై వేలు తక్కువిచ్చాడు. మలుపు షాపు అడ్వాన్సు పోగా ఇంకో నాలుగు వేలు మిగిలేవి.

"లోకంలో అందర్నీ అనుమానించారు," అంది భార్య. "మీ లెక్కని మాత్రం నమ్మేశారు."

ఆయన సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. జీవితంలో మొదటిసారి, ఎవరూ అడక్కుండానే, పెట్టె, గది, బీరువా మూడు తాళాలూ తీసి ముప్పై వేలు బయటికి తెచ్చాడు.

మెట్ల కింద గదిలో పగలే ట్యూబులైటు వెలుగుతోంది. తల వంచుకుని లోపలికి వెళ్లాలి. చెల్లెలు చొక్కాలకు గుండీలు కుడుతోంది, మొగుడు మూల నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. రెండో తాళం డబ్బు కట్ట మిషను మీద పెట్టాడు.

"ఇదేంటన్నయ్యా?"

"నీదే. లెక్క తప్పింది. పాత రూపాయల్ని ఇవాళ్టి రూపాయల్లోకి మార్చలేదు. నీకింకా ముప్పై వేలు రావాలి."

చెల్లెలు సూది పక్కన పెట్టింది కానీ కట్టను ముట్టుకోలేదు. "నాకు తెలుసు. రెండొందల ఎనభై ఐదని ఆడిటర్ గారు అప్పుడే చెప్పారు."

"తెలుసా? మరి ఆ రోజే అడగలేదేం?"

"అడిగితే నాకు ఎవరు నేర్పి పంపారని అడిగేవాడివి. నువ్వు ధర చెప్పాక ఇంకొకరెవరూ కొనరు. నీతో మాట పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నా." ఆగింది. డబ్బు వంక చూసింది. "ఇన్ని రోజుల తర్వాత ఇప్పుడెందుకిస్తున్నావు? కంపెనీకి పెద్ద ఆర్డరేమైనా వచ్చిందా? ఎవరైనా కొంటున్నారా కంపెనీని?"

"అలాంటిదేం లేదే! లెక్క తప్పిందని చెప్తున్నా కదా."

"పరీక్ష బల్ల దగ్గర ముప్పై ఏళ్లలో నీ లెక్క ఎప్పుడు తప్పిందన్నయ్యా?"

ఆయన తాళం కథ చెప్పబోయాడు. ఇత్తడి, లీవర్లు, పదేళ్ల కిందటి జీతం, అన్నీ. చెబుతున్నకొద్దీ అబద్ధం చెప్తున్నట్టే ఉంది. ఎదుటి మనిషి ముఖంలో ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ అద్దంలో చూస్తున్న చూపే అది.

"ఏమండీ, ఇస్త్రీ ఆపి ఒకసారి ఇలా రండి," అని మొగుణ్ణి పిలిచింది చెల్లెలు. "అన్నయ్య డబ్బిస్తున్నాడు. మీరూ పక్కనుండండి."

చిన్నప్పుడు కళ్లు మూసుకుని చెయ్యి చాపమంటే ఈ పిల్ల చాపేది. చేతిలో ఏం పెడతాడో అడిగేది కాదు. ఒకసారి గొంగళిపురుగును పెట్టినా, మర్నాడు మళ్లీ చాపింది. ఇప్పుడు ఒక్కొక్క నోటూ తీసి ట్యూబులైటుకు అడ్డం పెట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకుందో ఆయన్ని ఎవరూ అడగలేదు, అడగనక్కర్లేదు కూడా. వెళ్లిపోవాలనిపించింది. చివరి నోటు చూసేదాకా నిలబడటమే న్యాయమని నిలబడ్డాడు.

"అన్నీ మంచివే," అంది చెల్లెలు కట్టను మొగుడికిచ్చి. "ఇప్పుడు చెప్పన్నయ్యా. నిజంగా నీకేం కావాలి?"

"ఏమీ వద్దమ్మా," అన్నాడు ఆయన.

చెల్లెలు నమ్మలేదు.